కడలంకకు నిప్పు

1. సోమవారం, గట్టూరు

గడ్డకట్టిన చెరువుల మీద మనుషుల్ని నడిపించేవాడు నమోదు రాయాలన్నది ఇక్కడి నియమం. ఊరి లెక్కలమిల్లువాళ్ళు అడుగుతారని నేను రాయడం లేదు. రేపు ఇదే దారిన స్కీలు కట్టుకుని వెళ్ళేవాళ్ళకి మంచుగడ్డ ఎక్కడ మోస్తుందో, ఎక్కడ మింగుతుందో తెలియాలి. మిల్లువాళ్ళు చదివితే చదవనీ. వాళ్ళకి తగలవలసిన మాటలు కూడా ఇందులో ఉంటాయి.

పొద్దున్నే కడలంక నుంచి సీలా రేడియోలో పలికాడు. కడలంక మన నాలుగు చెరువుల్లో ఆఖరిది. దాని ఒడ్డున ఉన్నవి రెండే ఇళ్ళు, సీలాదీ, వాళ్ళన్న ఏలీయాదీ.

"అన్నయ్య పోయాడండి, అయ్యగారూ. నిన్న వల తీద్దామని గడ్డకి కన్నం చేస్తా చేస్తా కూలబడిపోయాడు. పొయ్యిలార్పేశాం. నిప్పట్టుకురండి."

ఏలీయా అన్న పోయాడు. ఆ మాట కాగితం మీద పెట్టడానికి నాకు సాయంత్రం దాకా పట్టింది.

చావు జరిగిన ఇంట్లో పొయ్యి ఆర్పేస్తాం. పొరుగింటివాళ్ళు తమ పొయ్యిలోంచి నిప్పు తెచ్చి, దానితో జావ కాచి తినిపించేదాకా ఆ ఇంట్లో పొగ లేవదు. సముద్రం మింగేసిన మన గోదావరి లంకల్లో ఇది ఎంతసేపటి పని. పక్కింటివాళ్ళు గోడ మీంచి అందించేవారు. ఓడెక్కి ఈ మంచుదేశానికి వచ్చినప్పుడు పాటల పుస్తకాలతో పాటు ఈ ఆచారాన్నీ మోసుకొచ్చాం. ఇక్కడ ఇంటికీ ఇంటికీ మధ్య చెరువులున్నాయి. అందుకని ఏలీయా అన్న నిప్పు మోయడం తన పనిగా పెట్టుకున్నాడు. కాళ్ళకి స్కీలు, వీపున కుండ, నోట ఎప్పుడూ తాళం తప్పే ఒక పాట. ఆయన కుండ రాని చావిల్లు గట్టూరులో లేదు.

తర్వాత లెక్కలమిల్లు వచ్చింది. ఆ యంత్రాలు రాత్రింబవళ్ళు ఎక్కడెక్కడి లెక్కలో చేస్తూ కాగిపోతుంటాయి. వాటిని చల్లార్చిన వేడినీళ్ళు గొట్టాల్లో మన గోడల వెంట పారతాయి. ఇప్పుడు ఊళ్ళో ఒక్క పొయ్యి లేదు. చావొస్తే ఎవరో ఒకరు గొట్టం కాసేపు కట్టేసి, మళ్ళీ తిప్పి, ఆదరణ కూడిక అయిందనిపిస్తున్నారు. మందిరంలో నేను ఎన్ని ఆదివారాలు అరిచానో దేవుడికి తెలుసు.

కడలంకకి గొట్టం లేదు. అన్నదమ్ములవి ఒకే ఇంటిపేరు, ఒకే దుఃఖం, కనుక రెండు పొయ్యిలూ ఆరాయి. బయట చూస్తే ఉమ్మిన ఉమ్మి నేలకు చేరకముందే గడ్డకడుతోంది.

"సీలా, ఇప్పుడే పొయ్యి వెలిగించు," అన్నాను. "ఇది లేఖనంలో ఎక్కడా లేదు."

"నేను చెప్తే వింటదాండీ. మీరే చెప్పండి వదినికి. మేకల కొట్టంలోకి మారాం, వాటి వెచ్చదనానికి."

ముందు దగ్గు వినిపించింది, ఆ తర్వాత తబితమ్మ వదిన గొంతు. ఏలీయా అన్న భార్య. ఆమెకి చలికాలమంతా ఊపిరితిత్తుల్లో గురగుర తగ్గదు.

"వదినా, చలికి చావమని దేవుడు చెప్పలేదు."

"చస్తానని నేనన్నానా? నిప్పు తెమ్మన్నాను."

"అగ్గిపెట్టె ఉంది కదా."

"జెకర్యా, మీ అమ్మ పోయినప్పుడు మీ ఇంట్లో అగ్గిపెట్టి లేదా? ఆయన జంటపాయ చెరువు మీద మంచుగాలిలో చిక్కుకుని, గెడ్డమంతా మంచు పట్టి వచ్చాడు. అగ్గిపెట్టి ఉంది, నువ్వు రావద్దు అన్నావా?"

నాకు ఏ వాక్యమూ తట్టలేదు. పుస్తకం ఒళ్ళోనే ఉంది. అయినా తట్టలేదు.

"వస్తున్నాం," అన్నాను.

"రా. మేకలు బానే ఉన్నాయి," అని పెట్టేసింది.

2. మంగళవారం, గట్టూరు

ప్రయాణానికి దారి వేయడమంటే ముందు నేల మీద వేసి చూడాలి. నాలుగు చెరువులకి నాలుగు పళ్ళేలు వరసగా పరిచాను: ఇసకపర్ర, జంటపాయ, నల్లమొగ, కడలంక. పళ్ళేనికీ పళ్ళేనికీ మధ్య బెండకాయ ముక్కలు. అవి మోతబాటలు, అంటే స్కీలు విప్పి, సామాను లాగే జారుబండిని భుజాన వేసుకుని అడవిలో నడవాల్సిన చోట్లు.

"పళ్ళేలన్నీ కింద పరిస్తే కూడెందులో తింటావు?" అంది నా భార్య సువార్త.

"ఉపవాసం ఉంటాడులే," అన్నాడు ఆమె తమ్ముడు గిద్యోను. "బావకి కోపమొస్తే ఆకలెయ్యదు. కోపమే తింటాడు."

గిద్యోను వస్తానన్నాడు. వాడి నోరు వాగుతుంది గానీ కాళ్ళు ఆగవు.

తర్వాత వెళ్ళేవారికి దారి చెబుతాను. ఇసకపర్రకి ఉత్తరపు ఒడ్డు పట్టుకుని పోవాలి. మిల్లు వదిలే వెచ్చని నీళ్ళు నడిమధ్యన, పాత నదిపాయలాగా, గడ్డ కింద పారుతుంటాయి. పైన మంచు తెల్లగా నవ్వుతుంటుంది, కింద వేలెడు మందం ఉండదు. మంచుకీ గడ్డకీ మధ్య దొంగనీరు కూడా ఉంటుంది. స్కీ కింద అది తగిలితే వెంటనే గీకేయాలి, లేకపోతే చెక్కకి గడ్డ అతుక్కుని కాలు కదలదు.

విడిది గుడిసెల్ని నమ్మకండి. మన పెద్దలు అన్నీ మొగల దగ్గర కట్టారు. వాగు చెరువులో కలిసే చోట మంచినీళ్ళు, చేపలు, పడవకి రేవు ఉంటాయని గోదావరి బుద్ధి. ఇక్కడ మొగ దగ్గరే గడ్డ పలచన. ప్రతి ఏడూ ఒక గుడిసె నీళ్ళలోకి కూర్చుంటుంది, ప్రతి ఏడూ మనవాళ్ళు అక్కడే మళ్ళీ కడతారు. ఇసుక మీద ఇల్లు కట్టినవాడి సంగతి ఎన్నిసార్లు బోధించినా తలలూపి, వెళ్ళి నీళ్ళ మీద కడతారు. మేం ఒడ్డున చెట్ల చాటున గుడారం వేసుకుంటాం.

ఇంతవరకూ చిక్కు లేదు. చిక్కు ఒక్కచోటే ఉంది. ఇసకపర్ర జంటపాయలోకి దిగే ఇరుకు. రెండు పక్కలా నిలువు కొండ, మధ్యన పరుగునీళ్ళు. కొండ మీది పొడుగుదారి ఒకటుంది గానీ, అటు పోతే చాలా రోజులు పడుతుంది, వదిన అన్నాళ్ళు ఆగలేదు. ఆ ఇరుకు మామూలు చలికాలంలో గడ్డకడుతుంది. ఈ ఏడు మిల్లు వేడి పెంచింది, ఇరుకు నోరు తెరుచుకునే ఉంది. దాటొచ్చో లేదో చెప్పే దారిదీపం ఎరుపు.

చెరువుదారుల అధికారి సంహిత దగ్గరికి వెళ్ళాను. మర్యాదస్తురాలు. కుర్చీ వేసింది. నేను కూర్చోలేదు.

"బోధకులు గారూ, ఆ ఎర్రదీపం నేను పెట్టింది కాదు, గడ్డ పెట్టింది."

"గడ్డని కరిగించిందెవరమ్మా?"

"మిల్లు. ఆ మిల్లు వేడితోనే మీ మందిరంలో పిల్లలు స్వెట్టర్లు లేకుండా పాటలు పాడుతున్నారు."

కోపంతో నా చెవులు కాలిపోయాయి. ఆమె అబద్ధమాడి ఉంటే అంత కాలేవి కావు.

"మేం ఊరికే కూర్చోలేదండి," అంది. "ఎగిరే పెట్టెలో హీటరు పంపాం. దింపి వచ్చింది. ఆవిడ వాడుకోవడం లేదు."

వాడుకుంటోంది. దాని మీద మేకలకి గడ్డి పెడుతోందని సీలా చెప్పాడు.

"మిల్లుని నెమ్మది చేస్తే?"

ఆమె చాలాసేపు తన తెర చూసింది. "ఈ చలికి రెండు రోజులు నెమ్మది చేస్తే ఇరుకు గడ్డకట్టొచ్చు. కానీ ఊళ్ళో గొట్టాలు చల్లబడతాయి. ఏ ఇంటివాళ్ళు వద్దంటారో వాళ్ళకి ఆపలేను. ఎన్ని ఇళ్ళు ఒప్పుకుంటే అంత దించుతాను. అంతవరకే నా చేతిలో ఉంది."

ఐగుప్తు రాజు ఫరో గుండె కఠినమైందని లేఖనంలో చదువుకున్నాం. ఫరోకి గుండె ఒకటుంది, కనీసం కఠినపరచడానికి. ఇక్కడ గుండె ఊరంతా పంచిపెట్టారు. ఎవరి ముక్క వాళ్ళ ఇంటి గొట్టానికి బిగించుకున్నారు.

3. బుధవారం, మందిరం

ఊరంతటినీ పిలిచాను. వచ్చారు. వెచ్చగా ఉన్నారు.

నేను పాస్టరుని కాను. చదువు చెప్పినవాడు లేడు. వల అల్లే చేతులతో అక్షరాలు కూడబలుక్కున్నాను. కనుక అందంగా చెప్పడం రాదు. చల్లగా లేదు, మరిగేలా లేదు, నులివెచ్చగా ఉంది కనుక నోట్లోంచి ఉమ్మేస్తానని ప్రభువు ఒక సంఘానికి ఎందుకు చెప్పాడో ఇన్నేళ్ళకి అర్థమైందని చెప్పాను. ఆ సంఘం గోడల్లో గొట్టాలుండి ఉంటాయన్నాను. ఒక్కొక్క ఇంటిపేరూ పిలిచి, ఆ ఇంట్లో చావు రోజున గుమ్మంలో కుండతో నిలబడిందెవరని అడిగాను. అందరికీ గుర్తుంది.

సంఘపెద్ద ఆశీర్వాదం లేచాడు. తెల్లచొక్కా, మెత్తటి గొంతు. "అయ్యగారూ, ఏలీయా గారంటే నాకూ గౌరవమే. కానీ మా ఇంట్లో నెలల బిడ్డ ఉంది. గొట్టం ఆపి బిడ్డ ప్రాణం మీదికి తెమ్మంటారా?"

"మందిరం గొట్టం ఆగదు. బిడ్డని తీసుకుని ఇక్కడికి రా. ఊరంతా రెండు రోజులు ఇక్కడే పడుకుందాం."

"అందరితోనా?"

"మీ ఆవిడ గురక మాకు తెలియందేం కాదులే," అన్నాడు వెనకనుంచి గిద్యోను. ఆశీర్వాదం భార్య కూడా నవ్వింది. ఆయన నవ్వలేదు.

"ఇంకో మాట," అన్నాడు ఆశీర్వాదం. "దారి దొరికిందే అనుకుందాం. నిప్పేదండి? ఊళ్ళో ఏ ఇంట్లో ఉంది? లైటరుతో ముట్టించి పొరుగింటి నిప్పంటే అది అబద్ధం కాదా?"

అప్పుడు గుమ్మం దగ్గర నుంచి ఒక గొంతు వచ్చింది.

"నా దగ్గరుంది."

పల్లాలమ్మ. మా అక్క ఈడుది. వేటలో, స్కీ నడకలో మగాళ్ళని వెనకేసే మనిషి. మందిరంలోకి రాదు, వాళ్ళ అమ్మవారు ఆమెకుంది. చేపలకి పొగపెట్టడానికి ఇంటివెనక మట్టికుండలో నిప్పు దాచుకుందట, మిల్లువాళ్ళ నియమానికి విరుద్ధంగా. ఇక్కడి తెల్లబెరడు బర్చి చెట్టుకి పట్టే గట్టి పుట్టగొడుగుని ఎండబెట్టి బూడిదలో పెడితే నిప్పు గంటల తరబడి రాజుకుంటూనే ఉంటుంది. ఆ మేతతో కుండ నడుపుతోంది.

"అమ్మవారి దీపం ఆ నిప్పుతోనే ముట్టిస్తావు కదమ్మా?" అన్నాడు ఆశీర్వాదం, ఇంకా మెత్తగా. "అహరోను కొడుకులు దేవుడి ముందుకి అన్యాగ్ని, పరాయి నిప్పు, తెచ్చి ఎలా కాలి చచ్చారో అయ్యగారే చెప్పాలి."

చెప్పాను. గొంతు చించుకుని చెప్పాను. కరువులో ప్రవక్తకి రొట్టె పెట్టిన సారెపతు విధవరాలు ఏ సంఘంలో సభ్యురాలు, ఎవరు బాప్తిస్మమిచ్చారు, ఆమె పొయ్యిలో ఉన్నది ఎవరి నిప్పు అని అడిగాను. ప్రవక్త ముందు తిన్నాడు, తర్వాత కూడా ఆ ప్రశ్న వేయలేదు అన్నాను.

పల్లాలమ్మ నా అరుపులు అయ్యేదాకా ఆగింది. "అయ్యగారూ, నిప్పు నాది. మోసేది నేను. మీరు అరుచుకుంటా ముందు నడవండి, ఎలుగుబంట్లు పారిపోతాయి."

చేతులెత్తమంటే సగం ఇళ్ళు ఒప్పుకున్నాయి, సగం ఒప్పుకోలేదు. ఆశీర్వాదం చెయ్యి కిందే ఉంది. సంహిత మిల్లుని సగానికి దించింది.

సగం. సగం గడ్డ మీద ఎలా నడుస్తారో ఆ సగం ఇళ్ళవాళ్ళు చెప్పాలి.

4. శుక్రవారం, జంటపాయ ఒడ్డు

పొద్దున బయల్దేరేటప్పుడు మందిరంలోకి తొంగిచూశాను. ఎండుచేపలు పేర్చినట్టు మనుషులు. ఒకరి కాలు మీద ఇంకొకరి తల. ముసలివాళ్ళు పాత ఓడ కబుర్లు చెప్పుకుంటున్నారు. బావుంది. కోపంలో ఉన్నా రాస్తున్నాను, బావుంది.

రేడియోలో సీలా, "వదిని మాట్లాడతంది గానీ చేతులు చల్లగున్నాయి," అన్నాడు.

ఇరుకు దగ్గర ఇలా దాటాం. స్కీ పట్టీలు వదులు చేయాలి, మునిగితే కాలు ఊడిరావాలి. వీపున మూట ఒక్క భుజానికే. ఒకరికొకరు దూరంగా, నడుములకి పొడుగుతాడు. జారుబండి ఇంకా పొడుగు తాడున అందరికంటే వెనక. గునపంతో పొడుస్తూ పోవాలి. మూడు దెబ్బలకీ దిగకపోతే నడవచ్చు. రెండో దెబ్బకే దిగితే వెనక్కి.

మూడో దెబ్బకి దిగింది.

"ఇదెందులోకొస్తది బావా?" అన్నాడు గిద్యోను.

"సగం ఇళ్ళ లెక్కలోకి," అన్నాను.

పల్లాలమ్మ అందరికన్నా తేలిక. "ఆయ్, నేను ముందు," అని కుండని రొమ్ముకి కట్టుకుని, తాడు నా చేతిలో పెట్టి వెళ్ళింది. కాళ్ళెత్తలేదు, నేలని నిమురుతున్నట్టు జారింది. గడ్డ కింద నీళ్ళు మాట్లాడడం మాకు వినపడుతోంది. ఆవిడ అవతలి ఒడ్డున చెయ్యెత్తాక గిద్యోను, ఆ తర్వాత నేను. నా కాలి కింద ఒకసారి ఇంటి దూలం విరిగినట్టు చప్పుడైంది. పేతురు నీళ్ళ మీద నడిచినప్పుడు గాలిని చూసి భయపడ్డాడు. నేను గాలిని చూడలేదు. ఆశీర్వాదం తెల్లచొక్కా కళ్ళముందుకొచ్చింది. ఆ కోపంతో దాటాను. ఇది ఎవరికీ సలహా కాదు.

జారుబండి ఆఖరి బారలో ఒక పక్క దొంగనీటిలో దిగింది. లాగేశాం. బియ్యప్పిండి, ఎండురొయ్యలు పొడిగానే ఉన్నాయి. గుడారం అంచు తడిసింది.

ఒడ్డున ఒక విడిది గుడిసె ఉంది, మొగ దగ్గరే, తలుపు దాకా నీళ్ళలో. గిద్యోను దానికి దణ్ణం పెట్టాడు.

రేపటి ప్రణాళిక: నల్లమొగని మధ్యాహ్నంలోపు దాటాలి. కుండకి రెండుసార్లు మేత వేయాలి, రెండుసార్లూ గాలి తగలని చోట. మూత తీస్తే గాలి తగలకూడదు, తీయకపోతే నిప్పు చస్తుంది.

5. శనివారం, కడలంక

పొద్దున సీలా గొంతు మారింది. "వదిని పలకట్లేదండి. కళ్ళు తెరుస్తంది, మూస్తంది. పొయ్యి ముట్టించేద్దామంటే చెయ్యి పట్టుకుంటంది. మీరెక్కడ?"

నల్లమొగ మీద ఎదురుగాలి. మంచు ముఖం మీద ఇసుకలా కొడుతోంది. మొదటి మేత ఒక లంక చాటున వేశాం. రెండోదానికి పల్లాలమ్మ అడిగింది. "అదిగో ఆ రాయి చాటున ఆగుదాం."

"వద్దు. ఒడ్డు దగ్గరపడింది."

కాసేపటికి మళ్ళీ అడిగింది. "అయ్యగారూ, కుండ తేలికపడతంది."

"మనిషి పోతోందక్కడ. నడువు," అని అరిచాను. ఆమె మీద అరవాల్సింది కాదు. ఊరు మీద, మిల్లు మీద, సగం చేతుల మీద అరవాల్సిన అరుపు. దగ్గరున్నది ఆవిడ.

గడ్డ మీద నడిపించేవాడి మాటే మాట. అక్కడ ఎదురు చెప్పరు, ఎందుకంటే వాదన మొదలైతే మనుషులు మునుగుతారు. ఆ నియమాన్ని ఆవిడ నిలబెట్టింది. "మీ నడక, మీ మాట," అని తలవంచుకుని వచ్చింది.

ఆఖరి మోతబాట ఎక్కాక చెట్ల చాటున మూత తీసింది. బూడిదలో వేలు పెట్టింది. అడుగుదాకా పెట్టింది.

"చచ్చింది," అంది.

గిద్యోను ఒక్క జోకు వేయలేదు. వాడు నోరు మూసుకున్నప్పుడు నాకు తెలిసింది నేను ఎంత పని చేశానో. నేను మాత్రం ఊరుకోలేదు. గాలిని తిట్టాను. దేవుడితోనూ కొంత గట్టిగానే మాట్లాడాను. కర్మెలు కొండ మీద తడిసిన కట్టెల మీద నిప్పు కురిపించినవాడివి, ఈ కుండెడు బూడిద మీద ఒక రవ్వ పడేస్తే నీ సొమ్మేం పోయిందన్నాను. చెట్ల మీంచి మంచు రాలింది, అంతే.

కడలంక ఒడ్డున సీలా చేతులు చంకల్లో పెట్టుకుని నిలబడ్డాడు. వాడి భార్య రిబ్కా కొట్టం తలుపు తీసింది. మేకల మధ్య బొంతల్లో తబితమ్మ వదిన. మొహం మైనంలా ఉంది. పెదాలు నీలం. మమ్మల్ని చూసి లేవబోయింది, లేవలేకపోయింది.

పల్లాలమ్మ కుండని ఆమె ముందు పెట్టింది. వదిన అందులో చెయ్యి పెట్టింది. బూడిద చల్లగా ఉంది. చెయ్యి అలాగే ఉంచింది.

"చాలు," అన్నాను. "సీలా, అగ్గిపెట్టె తియ్యి. పాపముంటే నా నెత్తి మీద."

"ఆగు," అంది వదిన. ఒక్క మాటకి ఒక ఊపిరి తీసుకుంటోంది. "గుడారం... తెచ్చారా?"

"తెచ్చాం."

"వాకిట్లో వెయ్యండి. అందులో పొయ్యి పెట్టుకోండి. వండుకోండి. అది మీ ఇల్లు. అక్కణ్ణించి తెండి."

గిద్యోను గుడారం మూట విప్పడానికి కదిలాడు.

"పొరుగింటి నుంచి రావాలన్నారు పెద్దలు," అంది. "ఎంత దూరమని ఎవురూ చెప్పలేదు."

"మరి సీలా వేయకూడదా, వదినా, ఆ గుడారం?"

"ఆడు నా ఇంటోడు. నాకు పొరుగోళ్ళెవరున్నారిక్కడ?" దగ్గొచ్చింది. దగ్గు అయ్యాక, "ఆయన కుండ దారిలో ఎన్నిసార్లు ఆరిందో నీకేం తెలుసు. ఆరినప్పుడల్లా ఆళ్ళ వాకిట్లో గుడారం వేసేవాడు. నీలాగా అరిచేవాడు కాదు, అంతే తేడా."

గుడారం వేశాం. తడిసిన అంచు చెక్కలా గడ్డకట్టింది, కొట్టి సాపు చేశాం. సీలా సాయం రాబోతే పల్లాలమ్మ తరిమేసింది, "నీ ఇంటికి పో, మా ఇంట్లో నీకేం పని," అని. లైటరు నొక్కాను. రెండోసారికి అంటుకుంది.

"బావా, కొత్తింట్లో చేరాం. గృహప్రవేశం ప్రార్థన చెయ్యవా?" అన్నాడు గిద్యోను.

"చిన్నది చెయ్యండి," అంది పల్లాలమ్మ.

చేశాను. నా జీవితంలో అంత చిన్న ప్రార్థన చేయలేదు.

జావ కాచాం, రొయ్యపొడి వేసి. పుల్లలు నిప్పులయ్యాక పార మీదికెత్తి పల్లాలమ్మకి అందించబోయాను. ఆమె తీసుకోలేదు. "మీరే మొయ్యండి. ఎంత బరువుందో తెలుస్తది," అంది.

వాకిట్లో ఉన్నది పది పన్నెండు అడుగులు. గాలికి నిప్పు ఎర్రబడుతోంది, నా చొక్కా చేతులు కమురుతున్నాయి. ఇంటి పొయ్యిలో నిప్పు పెట్టాను. సీలా, రిబ్కా వదినని ఎత్తుకొచ్చి దాని ముందు కూర్చోబెట్టారు. పల్లాలమ్మ గరిటెతో జావ పట్టింది. మొదటి గరిటె గడ్డం మీద కారిపోయింది. రెండోది వదిన మింగింది. ఆ తర్వాత ఏలీయా అన్న పేరు పిలిచి ఏడ్చింది. అప్పటిదాకా ఏడవలేదట. ఏడవడానికి కూడా ఒంట్లో వేడి కావాలి.

6. ఆదివారం, కడలంక

వదిన బతికింది. కుడిచేతి రెండు వేళ్ళ కొసలు నల్లబడ్డాయి, అవి పోతాయి. గురగుర అలాగే ఉంది. పొద్దున అన్నని సాగనంపే నా ప్రసంగం మధ్యలో, ఆయనింకా నిలబడి వింటున్నట్టు, "ఆయనకి కాళ్ళు నొప్పెడతాయి, అంతసేపు నిలబెట్టకు," అంది.

నేల తవ్వే వీలు లేదు. ఏలీయా అన్నని ఒడ్డున రాళ్ళ కింద పెట్టాం. వసంతానికి మట్టిలోకి దింపాలి. ఎవరొస్తారో చూస్తాను.

మధ్యాహ్నం సంహిత రేడియోలో పలికింది. ఊళ్ళో ఆగలేమంటున్నారట, సాయంత్రం మిల్లుని మళ్ళీ పెంచుతున్నారు. ఇరుకు తెరుచుకుంటుంది. మేం కొండ మీది పొడుగుదారిన తిరిగి రావాలి. "మీకు చెప్పకుండా పెంచడం బాగుండదని పిలిచాను," అంది. మంచిదమ్మా అన్నాను. చెప్పి గొంతు కోసేవాడు చెప్పకుండా కోసేవాడికంటే మర్యాదస్తుడు.

తర్వాత వెళ్ళేవారికి: ఇరుకు దగ్గర దారిదీపం ఏ రంగులో ఉన్నా గునపం మాటే వినండి. గుడారం పొడిగా ఉంచండి, అదే మీ ఇల్లు. దగ్గరపడ్డామని ఎప్పుడూ అనుకోకండి. కుండ మోస్తే మోయండి, ఆరిపోతే వెనక్కి తిరగకండి.

మేం సామాను కడుతుంటే వదిన గుమ్మంలో కూర్చుని అడిగింది, "ఇక ఊళ్ళో ఎవరైనా పోతే ఎవరెళ్తారు?" వదిన, గిద్యోను, పల్లాలమ్మ ముగ్గురూ నా వైపు చూశారు. నేను మూట బిగించుకుంటూ ఉండిపోయాను. కాదనలేదు.

ఆశీర్వాదం, ఈ నమోదు నువ్వూ చదువుతావు, సంఘపెద్దవి కనుక. నీ చెయ్యి ఆ బుధవారం ఎక్కడుందో నేను మరిచిపోలేదు, మరిచిపోవాలనీ లేదు. ఎన్నిసార్లు క్షమించమని వాక్యం చెబుతుందో నాకు తెలుసు, ఆ లెక్కలో నేనింకా మొదటి దగ్గరే ఉన్నాను. కానీ నీ ఇంట్లో ఎవరైనా కన్నుమూసిన రోజున గొట్టం కట్టెయ్యి. నేను ఏ చెరువు మీదున్నా వస్తాను. నీ వాకిట్లో గుడారం వేస్తాను, నువ్వు కిటికీలోంచి చూస్తుండగా జావ కాస్తాను, నీ గుమ్మంలోకి నిప్పు తెస్తాను. నీ మీద కోపం చల్లారి రాను. దానితోనే వస్తాను. రాకుండా ఉండడానికి ఎంత వెతికినా నాకు ఒక్క వాక్యం దొరకడం లేదు. నా ఒళ్ళు మండుతున్నది అందుకే.